రేసుకు ముందు అరకు ఘాట్: వేలెడంత రేకు పరువు తీసింది

పది రోజుల్లో బెంగళూరు దగ్గర నంది హిల్స్ మీదికి సైకిల్ రేసు. హైదరాబాద్‌లో ఎక్కడానికి ఫ్లైఓవర్లు తప్ప ఏమున్నాయి? అందుకే నాలుగు రోజులు సెలవు పెట్టి అరకు ఘాట్‌కి బయల్దేరాను. పెందుర్తిలో అక్కావాళ్ళిల్లు ఉంది, తిండికీ పడకకీ చింత లేదు. నిన్న రాత్రే తిరిగొచ్చాను. ఒళ్ళు నొప్పులు సగం తగ్గాయి, కోపం ఇంకా తగ్గలేదు.

వెళ్ళేటప్పుడు ప్రైవేటు బస్సు క్లీనరు సైకిల్‌కి ఐదొందలు అడిగాడు, ఇచ్చాను. చక్రాలు విప్పి, గేర్ల వైపు పైకి ఉండేలా డిక్కీలో నేనే పడుకోబెట్టాను. తెల్లారి చూస్తే దాని మీద ఎవరివో రెండు బియ్యం మూటలు!

మర్నాడు పొద్దున "మధ్యాహ్నం భోజనం అరకులోనే బావా" అని గొప్పగా చెప్పి బయల్దేరాను. ఎస్.కోట దాకా ఇబ్బంది లేదు. వెనకాల టిక్కుటిక్కుమంటున్నా పట్టించుకోలేదు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే డీరైలర్ (గేరు మార్చినప్పుడు చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) వెళ్ళి చక్రం పుల్లలకి తగిలి గరగరమంది. సైకిల్ కొన్న షాపుకి ఫోన్ చేశాను. అమ్మే రోజు కూర్చోబెట్టి టీ ఇచ్చిన మనిషే, "కేబుల్ కొంచెం టైట్ చెయ్యండి సార్, సెట్ అయిపోద్ది" అని పెట్టేశాడు. టైట్ చేశాను. తర్వాతి మలుపులో చైను పెద్ద పళ్ళ చక్రాన్ని కూడా దాటేసి, దానికీ పుల్లలకీ మధ్య ఇరుక్కుంది. బూట్లు పెడల్‌కి బిగించి ఉన్నాయి కదా, కాలు తీసేలోపే పక్కకి పడ్డాను.

సరిగ్గా అప్పుడే టూరిస్టు వ్యాన్ ఒకటి ఆగింది. "ఛార్జింగ్ అయిపోయిందా అన్నా?" అని లోపలి నుంచి ఒక కుర్రాడు. ఎలక్ట్రిక్ సైకిల్ అనుకున్నాడు. కాదని చెప్తే, "మరి ఇంత డబ్బు పెట్టి తొక్కడం దేనికి?" అంది పక్క సీట్లో పెద్దావిడ. అరగంట లాగినా చైను రాలేదు, వేళ్ళు కోసుకుపోయాయి. వెనక చక్రం ఎత్తి పట్టుకుని, బూట్ల కింద పెడల్‌కి బిగుసుకునే క్లీట్లు టకటకలాడుతుంటే ఘాట్ కిందికి నడిచాను. ప్రతి కారులోంచీ ఒక తల బయటికి. చివరికి పనసకాయల ఆటో ఆయన జాలిపడి ఎక్కించుకున్నాడు. ఆ ముళ్ళ మధ్య ఎలా కూర్చున్నానో అడక్కండి.

ఎస్.కోటలో పంక్చర్లు వేసే చిన్న కొట్టు. "గేరు సైకిళ్ళు నాకు తెల్దు బాబూ" అంటూనే ఆయన చక్రం విప్పి చైను బయటికి తీశాడు. తర్వాత వెనక గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. "ఇదిగో, లోపలికి ఒంగిపోనాది."

దాని పేరు హ్యాంగర్. డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము పాడవకుండా ముందు అది వంగాలనే మెత్తగా చేస్తారు. అది వంగాక కేబుల్ బిగిస్తే చైను ఇంకా లోపలికే పోతుంది. నాకు ఫోన్‌లో వచ్చిన సలహా అదీ! డీరైలర్ బోల్టులో నా అయిదో నంబరు అలెన్ కీ పెట్టి, ఊపిరి బిగబట్టి కొంచెం లాగడం, చూడడం, మళ్ళీ లాగడం. "గట్టిగా లాగితే ఇరిగిపోద్ది" అన్నాడు. పావుగంటలో అన్ని గేర్లూ పడ్డాయి. యాభై అడిగాడు. లక్షలు తీసుకునే షాపుల్లో ఈ ఓపిక ఎందుకుండదో!

మిగతా రెండు రోజులూ కాలు కింద పెట్టకుండా ఘాట్ మీది గాలికొండ ఎక్కాను. ఇది గొప్పకే చెప్తున్నా. అరకులో కాఫీ తాగండి, బొంగులో చికెన్ మాత్రం తొక్కడం అయ్యాకే. ఒక స్పేర్ హ్యాంగర్ కొనిపెట్టుకోండి, ఒక మోడల్‌ది ఇంకోదానికి పట్టదు. శని, ఆదివారాలు ఘాట్ జోలికి పోకండి, ఆ వ్యాన్లన్నీ అప్పుడే వస్తాయి.

తిరుగు బస్సులో డీరైలర్ విప్పి, అక్క పాత తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. క్లీనరు మళ్ళీ ఐదొందలే తీసుకున్నాడు.