రెండు మేత కంపెనీలు, ఒక ఆఫీసు

మా భీమవరం రొయ్యల మేత కంపెనీని వేరే ఊరి కంపెనీతో కలిపేసి రేపటికి ఏడాది. కలిపే ముందు ఆడిటర్లు వచ్చి గోడౌన్లు, అప్పులు, లైసెన్సులు అన్నీ తిరగేశారు గానీ, ఇక్కడ మనుషులు ఎలా పని చేస్తారని ఒక్కరూ అడగలేదు.

మా దగ్గర రైతు ఫోన్ చేసి "తమ్ముడూ, ఇరవై బస్తాలు పంపు, రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బులిస్తా" అంటే పంపేస్తాం, ఆయన చెరువు ఎలా ఉందో, వైట్ స్పాట్ (రొయ్యలకొచ్చే వైరస్ జబ్బు) ఏమైనా తగిలిందో మాకు తెలుసు కాబట్టి. వాళ్లకేమో కంప్యూటర్లో అప్పు లిమిట్ దాటితే బస్తా కదలదు. వాళ్లది తప్పని అనను, మా బాకీల పుస్తకం చూస్తే నాకే టెన్షన్. కానీ మొదటి నెలలోనే పదిహేనేళ్ల పాత రైతుకి మేత ఆపేశారు. ఆయన వేరే కంపెనీకి పోయాడు, వెనకే ఇద్దరు బావమరుదులూ.

1998లో జర్మనీ కార్ల కంపెనీ డైమ్లర్, అమెరికా కార్ల కంపెనీ క్రిస్లర్ కలిసినప్పుడూ జర్మన్ల పద్ధతి ఒకటి, అమెరికన్ల పద్ధతి ఇంకొకటి. 2007లో డైమ్లర్ వాళ్లు క్రిస్లర్‌లో ఎక్కువ వాటా అమ్మేసుకున్నారు. కారణం అదొక్కటే కాదనుకోండి.

అసలు ముందే రెండు వైపులా ఒక్క ప్రశ్న వేసుంటే సరిపోయేది: సరుకు ఆపాలంటే ఎవరు చెప్పాలి? మా వాళ్లు "ఊళ్లో తిరిగే సేల్స్ కుర్రాడు" అనేవాళ్లు, వాళ్లు "ఫైనాన్స్" అనేవాళ్లు. గొడవంతా అక్కడే బయటపడేది.

నిన్న తెల్లారి ఆరింటికి కొత్త మేనేజర్ గారిని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లా. చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) పైకి లాగి చూశారు, రైతు ఇచ్చిన టీ తాగారు, కారెక్కాక "ఈయన లిమిట్ ఎంత?" అని అడిగారు.