ఏడాది పాటు రాగలిగితేనే రండి

శాస్త్ర సాంకేతిక రంగాల్లో తమలాంటివారు అరుదుగా కనిపించే పిల్లలకు స్వచ్ఛందంగా మెంటర్‌గా ఉంటామని ముందుకొచ్చేవారిని, ఏ ప్రోగ్రామింగ్ భాష వచ్చని అడిగేకన్నా ముందు, ఏడాది పాటు క్రమం తప్పకుండా రాగలరా అని అడుగుతాను. ఉచితంగా సాయం చేస్తామంటే ఈ షరతులేమిటని కొందరు నొచ్చుకుంటారు గానీ, దీనికి ఆధారముంది. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మెంటరింగ్ ఏడాది, అంతకు మించి సాగినప్పుడే పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే ఆగిపోయిన చోట వారి ఆత్మగౌరవం, చదువులో రాణించగలమన్న నమ్మకం తగ్గాయి.

ఒక్క పూట ఉపన్యాసం మీద నాకు పెద్దగా ఆశ లేకపోవడానికి ఇంకో కారణం, పిల్లల మనసులో అప్పటికే పాతుకుపోయిన బొమ్మ. డేవిడ్ వేడ్ చాంబర్స్ 1983లో వెల్లడించిన పరిశీలనలో 4,807 మంది పిల్లలు శాస్త్రవేత్త బొమ్మ గీస్తే, వాటిలో స్త్రీ కనిపించినవి 28 మాత్రమే, అవి కూడా అమ్మాయిలు గీసినవే.

అసలు పని చాలా చిన్న విషయాల్లో ఉంటుంది. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా సర్క్యూట్ అమర్చుకునే పలక) మీద పెట్టిన ఎల్‌ఈడీ వెలగకపోతే, "నాకు రాదండీ" అని ఒక అమ్మాయి బోర్డును మన వైపు జరుపుతుంది. మన చెయ్యి దానంతటదే లేచి, ఎల్‌ఈడీని తిప్పి పెట్టేస్తుంది. అలా కాకుండా బోర్డును తిరిగి ఆమె ముందుకే జరిపి, ఎల్‌ఈడీ పొడవాటి కాలు ఎటు వైపుంది, బ్యాటరీ ప్లస్ నుంచి కరెంటు ఎక్కడిదాకా వస్తోంది అని అడుగుతూ, కరెంటును కొలిచే మల్టీమీటర్ ఆమె చేతికే ఇచ్చి కూర్చోవాలి. అర క్షణంలో అయ్యే పనికి చాలాసేపు పడుతుంది, మనకు విసుగు కూడా వస్తుంది. అయినా తప్పు ఎక్కడుందో ఆమె తానే పట్టుకోవాలి, ఎందుకంటే మరుసటి సర్క్యూట్ దగ్గర మనం ఉండకపోవచ్చు.

మెంటర్ ఎవరన్నదీ ముఖ్యమే. ఇంజనీరింగ్‌లో చేరిన అమ్మాయిలపై టారా డెన్నెహీ, నీలాంజనా దాస్‌గుప్తా 2017లో వెలువరించిన అధ్యయనంలో, పై తరగతి అమ్మాయిలు మెంటర్లుగా ఉన్నవారంతా మొదటి సంవత్సరం చివరికి అదే చదువులో కొనసాగారు. మగ మెంటర్లున్నవారిలో, మెంటరే లేనివారిలో కొందరు తప్పుకున్నారు. దీన్నిబట్టి మగవారు రావద్దనడం నా ఉద్దేశం కాదు. ఆ పిల్లల నేపథ్యం నుంచే వచ్చిన సీనియర్ విద్యార్థిని ఒకరిని వెతికి, పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. మానక తప్పని పరిస్థితి వస్తే, నెల ముందే పిల్లలకు చెప్పి, తర్వాత వచ్చేవారిని వెంటబెట్టుకుని కొన్ని వారాలు కలిసి కూర్చోవడం కూడా ఈ బాధ్యతలో భాగమే.