సారు కాగితాలు: ఏడో ఆదివారం నాటికి పని ఎక్కడిదాకా వచ్చింది

నల్లగొండ రామగిరిల సారు ఇంట్ల మేడమీది అర్రల ఉన్న కాగితాలు సర్దుడు మొదలుపెట్టి ఇయ్యాల్టికి ఏడు ఆదివారాలు. రెండు ఇనుప ట్రంకు పెట్టెలు, బీరువా కింది అర, ఒక చెప్పుల డబ్బ నిండ క్యాసెట్లు. ఇప్పటికి ఒక పెట్టె మొత్తం అయింది, రెండోది సగం. సారు మాకు హైస్కూల్ల సోషల్ చెప్పిన్రు, రిటైర్ అయినంక గూడ సంచి భుజాన ఏసుకొని పానగల్లు అనో పిల్లలమర్రి అనో దేవరకొండ ఖిల్లా అనో బస్సెక్కేది, ఏ గుడికాడ శాసనం రాయి కనబడ్డా రాసుకొచ్చేది. పోయినేడు సారు కాలం చేసినంక వాళ్ల బిడ్డ, మేము అక్క అంటం, ఫోన్ చేసి "తమ్మీ, నాయిన కాగితాలు కాటాకు ఎయ్యబుద్ధి అయితలేదు, జర వచ్చి సూడు" అన్నది. అట్ల మొదలైంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, ఎవరన్న ఇసొంటి పని పెట్టుకుంటే పనికొస్తది. మొదటి ఆదివారం ఒక కట్ట ఇప్పి, ఉత్తరాలు ఒక దిక్కు, శాసనాల నోట్సు ఒక దిక్కు, బస్సు టికెట్లు, కర్సు రాసుకున్న చీటీలు ఇంకో దిక్కు పెట్టిన. చూడటానికి మంచిగనే ఉండె. మూడో ఆదివారం పానగల్లు శాసనం నకలు ఒకటి చేతుల పట్టుకొని, దీనిమీద తారీఖు లేదేంది అని తిప్పి చూస్తే ఎడమ మూలకు గుండుసూది తుప్పు మరక, పెసరగింజంత. గదే మరక ఒక ఉత్తరం మీద, గదే కొలతల, గదే మూలకు. కర్సుల చీటీ మీద గూడ గదే. మూడు కలిపి చూస్తే కథ మొత్తం తెలిసింది. ఎవరో దోస్తు ఉత్తరం రాసి తొమ్మిదో పంక్తిల ఆ మాట ఏంది అని అడిగిండు, సారు పది రోజులకు బస్సెక్కి పోయి మళ్ల చదివిన్రు, నకలు మీద ఆ పంక్తిల ఇంతకుముందు చుక్కలు పెట్టిన కాడ పెన్సిల్‌తోటి అక్షరాలు నింపుకున్నరు, బస్సు చార్జీ, టీ చీటీల రాసుకున్నరు. ఉత్తరం సొంతది, నకలు పరిశోధనది అని నేను ఇడదీసినయి సారుకు ఒక్కటే పని. ఆ తుప్పు మరక లేకపోతే నేను ఆ తోవను నా చేతులతోటే తెంపేసినట్టు అయ్యేది, రెండు రోజులు మనసుల పెట్టుకున్న.

అప్పటిసంది పద్ధతి మార్చిన. కట్ట ఇప్పకముందే పైనుంచి, పక్కనుంచి ఫోటో తీస్త. తర్వాత ఒక్కొక్క కాగితం ఎత్తుకుంట వెనక కింది మూలకు మెత్తటి పెన్సిల్‌తోటి నంబర్ ఏస్త, 4-17 అంటే నాలుగో కట్టల పదిహేడోది. పెన్ను ముట్టేదే లేదు. ఎట్లున్నయో అట్లనే వరుస, టికెట్ ఉంటే టికెట్ గూడ.

గుండుసూదులు, పిన్నులు గుంజొద్దు, కాగితం చినుగుతది. పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్క కిందొకటి మీదొకటి జొనిపి, పిన్ను కాళ్లు మెల్లగ లేపి తీస్తున్న, ఒక్కోదానికి ఐదు నిమిషాలు పడ్తది. దుమ్ముకు మెత్తటి పెయింట్ బ్రష్, నడుమ నుంచి అంచులకు. మూతికి మాస్క్ తప్పకుండ. చినిగిన కాడ సెల్లోటేపు ఎయ్యొద్దు, పసుపచ్చగ అయి కాగితాన్ని తింటది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేసినంక వాపస్ తీసుడు ఉండదు. తేమ వాసన వస్తుందని అక్క ఎండల పెడ్దామన్నది, వద్దని నీడల, ఫ్యాను జర దూరం పెట్టి ఆరబెట్టినం. పేపర్ కటింగులు వేరే కవర్లల పెడ్తున్న, న్యూస్‌పేపర్ పక్కనున్న మంచి కాగితాన్ని గూడ మాడగొడ్తది. కాకుంటే కటింగు ఉన్న జాగల దాని నంబర్ రాసిన తెల్ల చీటీ పెట్టి వరుస పోకుండ చూస్తున్న.

అన్నిటికంటె కష్టమైనయి ఎస్టాంపేజులు. రాయిని కడిగి, దానిమీద తడి కాగితం పరిచి, గట్టి బ్రష్‌తోటి కొడ్తే కాగితం అక్షరాల గుంటలల్లకు దిగుతది, జర ఆరినంక సిరా దిండుతోటి అద్దుతరు, రాయి నల్లగ, అక్షరం తెల్లగ వస్తది. సారు వాటిని ఎనిమిది మడతలు పెట్టిన్రు. మడతల కాడ పెళుసై ఇప్పితే ఇరుగుతున్నయి, సిరా చేతులకు అంటుతున్నది. రెండు ఇప్పి ఆపేసిన. ఇప్పినయి పీవీసీ పైపుకు తెల్ల కాగితం చుట్టి దానిమీద చుట్టినం. మిగిలినయి తెలిసినోళ్లు వచ్చి చూసేదాక అట్లనే ఉంటయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం కాగితాలు వేరే ఒక కట్ట. గర్భగుడిల లింగం వెనక గోడమీద పొద్దంత కదలకుండ నిలబడే నీడ తెలుసు గదా, ఆ నీడ గురించి సారు పొద్దుగాల నుంచి పొద్దుమీకిందాక గంట గంటకు బొమ్మ గీసుకున్నరు, స్తంభాలకు నంబర్లేసి, ఏ దిక్కు నుంచి వెలుతురొస్తుందో బాణాలు పెట్టి. పానగల్లును ఏలిన కందూరు చోడుల వంశవృక్షం గూడ గా కట్టలనే ఉంది, మూడుసార్లు కొట్టేసి రాసిన్రు.

తారీఖుల తోటి మస్తు తిప్పలు. శాసనాలల్ల శక సంవత్సరం ఉంటది, ఇంగ్లీషు సంవత్సరం కావాలంటె 78 కలపాలె. ఇంటి కాగితాలల్ల ఖర నామ సంవత్సరం లాంటియి, అది 1951-52. నిజాం కాలంనాటి రసీదులల్ల ఫస్లీ, అంటే అప్పటి సర్కారు శిస్తు లెక్కల సంవత్సరం. నేను ఫస్లీకి 590 కలిపి ఒక మాలు (భూమి శిస్తు) రసీదును 1947 అని ఎక్కించిన, మా గల్లీల ఉర్దూ చదివే చాచాకు చూపిస్తే "నెల సూడు బేటా, మెహర్" అన్నడు. హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్‌ల ఆజర్ నెలతోటి మొదలైతది, జనవరి వచ్చినంక 591 కలపాలె. అంటే 1357 ఫస్లీ మెహర్ నెల 1948 ఆగస్టు కిందికి వస్తది, పోలీస్ యాక్షన్‌కు నెల ముందట. అందుకని ఇగ కాగితాల లిస్టు ఎక్కించే షీట్‌ల ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్, మార్చింది ఇంకో కాలమ్. జిల్లాకు గూడ రెండు కాలమ్‌లు పెట్టిన, 2016ల జిల్లాలు ఇడిపోయినంక పిల్లలమర్రి, ఫణిగిరి సూర్యాపేటల, కొలనుపాక యాదాద్రిల పడ్డయి, సారు కాగితాలల్ల అన్నీ నల్లగొండనే.

క్యాసెట్లు 23. తెలంగాణ సాయుధ పోరాటం చూసిన పెద్దమనుషులతోటి సారు మాట్లాడినయి. ముందుగాల, క్యాసెట్ వెనక అంచుకున్న ప్లాస్టిక్ పలుకులు ఇరగ్గొట్టిన, పొరపాటున మీద రికార్డ్ కాకుండ. ఒకసారి చివరిదాక తిప్పి వాపస్ తిప్పినంకనే ప్లే చేస్తున్న. కంప్యూటర్‌కు ఎక్కించుడు ఎంతసేపు మాట్లాడితే అంతసేపు పడ్తది, ఇప్పటికి నాలుగే అయినయి.

కాగితాలు 300 డీపీఐల, ఫోటోలు 600ల స్కాన్. ఒక కాపీ నా కాడ, ఒకటి అక్క కాడ, ఒకటి హైదరాబాద్‌ల వాళ్ల తమ్ముని కాడ. ఇంటి సంగతులున్న ఉత్తరాలు నేను చదువుడు ఆపి అక్కకే ఇస్తున్న, ఆమె చదివి, వద్దన్నయి కవర్ల పెట్టి అంటిస్తది. షీట్‌ల మాత్రం నంబర్ ఉంటది, "ఇంటోళ్ల కాడ ఉంది" అని.

ఆ పానగల్లు నకల్ల తొమ్మిదో పంక్తి చివర ఇంకా మూడు చుక్కలు మిగిలినయి, పక్కన సారు చేతిరాతతోటి "సాయంత్రం ఎండల" అని ఉంది. ఏటవాలు వెలుతురు పడ్తే అరిగిన అక్షరం లేస్తది. వచ్చే ఆదివారం పెట్టె పని పొద్దుగాలనే చేసి, నాలుగున్నరకల్లా టార్చిలైటు పట్టుకొని అక్కనూ చాచానూ ఎంబడి తీస్కొని పోతున్న.