మావయ్య బండి ముల్లు

సంక్రాంతి వెళ్ళిన వారానికి గుడివాడ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "ఆ బండి మీటరు మళ్ళీ పడిపోయిందంటరా. మీ మావయ్య రెండ్రోజుల నుంచి దాని పక్కనే కుర్చీ వేసుక్కూచుంటున్నారు. ఒకసారొచ్చి చూసిపో."

ఆ బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్ళు 1983 నుంచి 1989 దాకా ఆ పేరుతో తయారుచేశారు. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, ఆరు గేర్లు. మావయ్య 1986లో కొన్నారు. మా వీధి మలుపులో ఆ చప్పుడు వినపడగానే అన్నం కంచం వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తిన రోజులు నాకు బాగా గుర్తు. నాకు బండి నేర్పిందీ ఆయనే. ఈ ఇంజను ఐదువేల ఆర్పీఎం దాకా, అంటే నిమిషానికి ఐదువేల చుట్లు తిరిగేదాకా సాధువులా ఉండి, అది దాటగానే ఒక్కసారిగా గుంజుతుంది. అందుకే గేరు మార్చేటప్పుడు ఆర్పీఎం మీటరు ముల్లు ఎక్కడుందో కంటికొసన చూసుకోవాలని, చెవి కూడా అటే పెట్టాలని చెప్పేవారు.

ఇప్పుడు ఆయనకి డెబ్భై రెండు. నాలుగేళ్ళుగా వినికిడి బాగా తగ్గింది. మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయిగానీ ఇంజను గొంతు మాత్రం తెలియడంలేదట. "అంతా ఒకటే రొదరా, అందులో ఏదీ విడిగా తెలవట్లేదు" అన్నారొకసారి. రోడ్డు మీదకి తీయడం మానేశారు. రోజూ పొద్దున సెంటర్ స్టాండ్ మీద స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడుపుతారు. ముల్లు లేస్తుంటే, దిగుతుంటే ఇంజను ఎలా ఉందో ఆయనకి తెలుస్తుంది. అది పడిపోతే ఆయనకి బండి మూగబోయినట్టే.

ఆదివారం వెళ్ళాను. అప్పటికే అక్కడొక మెకానిక్ ఆ మీటరుని రెండుసార్లు విప్పి "రిపేరు" చేసి డబ్బు తీసుకున్నాడు. మూడోసారి మీటరే మార్చాలన్నాడట. నేనైతే ముందు మీటరు జోలికి పోను. ముల్లు కదలాలంటే ఇంజనులో తిరిగేదేదో అక్కడిదాకా రావాలి. ఎక్కడ ఆగిపోయిందో ఒక్కో మజిలీ చూసుకుంటూ పోతే దొరికిపోతుంది. క్లచ్ వైపు లోపల ఒక నైలాన్ పళ్ళచక్రం, దాని పళ్ళలో కూర్చుని తిరిగే చిన్న ఇనుప కాడ, ఆ కాడ తల మీది గాడిలో కేబులు ఇన్నర్ (లోపల తిరిగే తీగ) కొస, ఆ ఇన్నర్ రెండో కొసన మీటరు. మీటరు లోపల ఇన్నర్‌తోపాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది. దానికి తగలకుండా పైన ఒక అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. అయస్కాంతం ఆ గిన్నెని తనతో లాక్కుపోవాలని చూస్తుంది, వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. ఈ లాగులాటలో ముల్లు ఎక్కడ నిలబడితే అదే ఆర్పీఎం. అంత సున్నితమైన దాన్ని ఊరికే రెండుసార్లు విప్పారంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

కిక్ కొట్టి స్టార్ట్ చేశాను. ముల్లు పన్నెండు వందల దగ్గర నిలబడింది. "పనిచేస్తోందిగా మావయ్యా?" అన్నట్టు చూశాను. ఆయన ఏం మాట్లాడకుండా హ్యాండిల్ పట్టుకుని కుడివైపుకి పూర్తిగా తిప్పారు. ముల్లు సున్నాకి పడిపోయింది. మళ్ళీ తిన్నగా తిప్పితే లేచింది, కానీ రేజ్ ఇచ్చేసరికి మూడువేల దగ్గర కొట్టుకుని మళ్ళీ పడింది. సగం రోగం అక్కడే తెలిసిపోయింది. మీటరుకి హ్యాండిల్ ఎటు తిరిగితే ఏం? హ్యాండిల్ తిరిగినప్పుడు వంపు మారేది కేబులుకే.

మీటరు వెనక నట్టు చేత్తోనే ఊడింది. కేబులు బయటికి తీసి ఇంజను నడుస్తుండగా చూశాను. ఇన్నర్ కొస గిర్రున తిరుగుతోంది. ఆ మెకానిక్ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయుంటాడు: వైరు తిరుగుతోంది, మీటరు చూపించట్లేదు, కాబట్టి మీటరే పోయింది. కానీ ఊరికే తిరగడం వేరు, బరువు మీద తిరగడం వేరు. పాత బనీను ముక్క వేసి రెండు వేళ్ళతో ఇన్నర్‌ని మెల్లగా పట్టుకున్నాను. టక్కున ఆగిపోయింది. బాగున్న ఇన్నర్ అంత తేలిగ్గా ఆగదు, గుడ్డని మెలిపెట్టేస్తుంది. అంటే అడుగున పట్టు జారుతోంది.

ఇంజను ఆపి కింది నట్టు కూడా విప్పాను. కేబులు ఊడదీయగానే నల్లటి గేరాయిల్ చుక్కలు చుక్కలుగా కారింది. పైకొసన కూడా అదే నూనె. అత్తయ్యని ఒక అగరుబత్తి అడిగాను. పూజ చేయడానికేమో అనుకుని అగ్గిపెట్టె కూడా తెచ్చిచ్చింది. మందు చిదిపేసి పుల్లని ఆ గాడి అడుగు తగిలేదాకా దించాను. కేబులు ఆనే అంచు దగ్గర గోటితో గుర్తుపెట్టి బయటికి తీశాను. ఆ పొడవు పక్కన కేబులు కొసని పెట్టి చూస్తే, ఇన్నర్ బయటికి ఉండాల్సినంత లేదు. ఏడెనిమిది మిల్లీమీటర్లు పొట్టి. గాడిలో రెండు మిల్లీమీటర్లు కూడా దిగడంలేదు. హ్యాండిల్ కుడికి తిరగ్గానే కేబులు వంపు మారి ఆ రెండూ కూడా పైకి వచ్చేస్తున్నాయి.

ఎప్పుడో "ఇదే పడుద్ది" అని వేరే బండి కేబులు తగిలించేశారు. నట్లు సరిపోయాయి, పొడవెవరూ చూడలేదు.

కేబులు ఒక్కటే అయితే సాయంత్రానికి అయిపోయేది. కానీ అంచు మీద అంచు జారుతూ ఏళ్ళ తరబడి తిరిగిందంటే అడుగున గాడి కూడా అరిగి ఉండాలి. పైగా ఆ నూనె. ఇన్నర్ అంటే మెలితిప్పిన తీగ, దాని ఒంటిమీదంతా మరలాంటి చుట్లే. అడుగున నూనెని ఆపే ఆయిల్ సీలు పోతే ఆ చుట్ల వెంట నూనె మెల్లగా పైకి పాకి, చివరికి మీటరులోకే చేరుతుంది. అందుకని కాడ తొడుగుని కూడా విప్పక తప్పలేదు. చిన్న స్క్రూ, దాని కింద పట్టీ. స్క్రూ తల అప్పటికే సగం చెదిరిపోయి ఉంది. సరైన కొలత స్క్రూడ్రైవర్ పెట్టి, దాని నెత్తిన సుత్తితో రెండు దెబ్బలు వేశాక కదిలింది. తొడుగు మాత్రం రాలేదు. లాగితే అల్యూమినియం పగులుతుంది. అత్తయ్య మరుగుతున్న నీళ్ళు తెచ్చి పోసింది, నేను గుడ్డ చుట్టి అటూ ఇటూ తిప్పాను. నాలుగు చెంబులయ్యాక వచ్చింది.

కాడని అరచేతిలో పెట్టుకుని ఎండలోకి తీసుకెళ్ళాను. అడుగున పళ్ళు చక్కగా ఉన్నాయి. మధ్యలో ఆయిల్ సీలు రాసుకునే చోట వేలిగోటికి తగిలే గీత. తల మీది గాడి అంచులు మాత్రం నోట్లో చప్పరించి ఉమ్మేసిన బిళ్ళలా గుండ్రంగా అరిగిపోయాయి. సరైన కేబులు వేసినా రేజ్ ఇస్తే జారిపోయేదే. తొడుగు తీసిన కంతలోకి టార్చి వేసి, కిక్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ లోపలి నైలాన్ పళ్ళు కూడా చూశాను. పసుపురంగుకి తిరిగాయిగానీ ఒక్కటీ విరగలేదు. అవి పోయుంటే క్లచ్ కవరు విప్పాల్సొచ్చేది. పెద్ద గండం తప్పింది.

కాడ, తొడుగు, కేబులు పాత టిఫిన్ డబ్బాలో పెట్టుకుని విజయవాడ వచ్చేశాను. మా ఇల్లు పటమటలో, ఆటోనగర్ పక్కనే. కొత్త కాడ కోసం శనివారం దాకా అడగని షాపు లేదు, దొరకలేదు. చివరికి లారీ పార్టులకి గ్యాస్ మీద ఇత్తడి అతుకులు వేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కాడని వెలుగులోకి ఎత్తి చూసి, "ఇంత చిన్నదానికి మంట పెడితే పళ్ళు మెత్తబడతాయబ్బాయ్" అన్నారు. "పళ్ళ వైపు తడిగుడ్డ చుడితే బాబాయ్?" అన్నాను. కాసేపు ఆలోచించి, గుడ్డ కాదు, బంగాళదుంప తెమ్మన్నారు. సగం దుంపలో కాడని పళ్ళ వైపు నుంచి గుచ్చి నిలబెట్టి, తల మీద మాత్రం సన్న మంట ఆడించారు. ఇత్తడి కరిగి గాడంతా నిండి, తల మీద చిన్న మెరుపుబొట్టులా నిలిచింది. నిమిషం కూడా పట్టలేదు. దుంప ఉడికిన వాసన వచ్చింది, పళ్ళు మాత్రం రంగు మారలేదు.

గాడి నేనే కోశాను. వేరేవాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. ముందు కంసాలి రంపంతో నడిమిన సన్నటి చీలిక, తర్వాత చిన్న ఆకురాయితో అటు నాలుగు, ఇటు నాలుగు రాపిళ్ళు, ప్రతి నాలుగింటికీ ఇన్నర్ కొస పెట్టి చూడటం. నడిమికి కాకుండా వెంట్రుకవాసి పక్కకి పోయినా ఇన్నర్ ఊగుతుంది, దాంతో ముల్లూ ఊగుతుంది. మూడు గంటలు పట్టింది. సీలు రాసుకునే చోట గీత పోయేదాకా సన్న ఎమరీ పేపరుని నూనెలో ముంచి రుద్దాను. ఆ గీత అలాగే వదిలేస్తే కొత్త సీలు నెల్లాళ్ళకే చిరిగిపోతుంది. చాలామంది సీలు మార్చి, కాడని చూడరు. అదే నాకు బాధ.

ఇన్నర్‌కి మావయ్య ట్రంకుపెట్టెలో ఉన్న అసలు కేబులే ఆధారమైంది. లోపలి తీగ తెగిపోయినా ఆయన దాన్ని పారేయలేదు. ఆ అవుటర్ శుభ్రంగా కడిగి, పొడుగాటి కొత్త ఇన్నర్ కొని, అగరుపుల్ల కొలత ప్రకారం కోయించి, కొస నొక్కించాను. తీగని నేలమీద గాజుపలక మీద దొర్లించి చూశాను. ఎక్కడా ఎగరలేదు, అంటే వంకర లేదు. కింది రెండువంతులకే పల్చగా గ్రీజు రాశాను. పైవంతు పొడిగా ఉంచాలి, లేకపోతే ఆ గ్రీజు కూడా మీటరులోకే ఎక్కుతుంది.

మీటరుని విప్పలేదు. చుట్టూ అంచు మళ్ళీ మళ్ళీ తెరిచి మడిచిన గుర్తులు చూస్తే చాలనిపించింది. ఇన్నర్ ముక్కని డ్రిల్లు మిషనుకి బిగించి మీటరుకి తగిలించి తిప్పాను. మొదట ముల్లు సున్నా కిందికి నొక్కుకుంది. డ్రిల్లు తిరిగే దిక్కు మార్చగానే మెత్తగా లేచి నిలబడింది. వదిలితే మెత్తగా దిగింది. పాపం, మొదటినుంచీ దాని తప్పేమీ లేదు.

ఆదివారం మళ్ళీ గుడివాడ. కొత్త సీలు, కొత్త ఓ రింగు వేసి అన్నీ బిగించేసరికి పదకొండయింది. నేను కిక్ కొట్టాను. మావయ్య వచ్చి ఎడంచెయ్యి ట్యాంకు మీద ఆనించి పెట్టారు, కుడిచేత్తో రేజ్ ఇచ్చారు. రెండువేలు, మూడువేలు, నాలుగువేలు. ముల్లు ఆయన చేతివెంట లేచింది, చేతివెంటే దిగింది. నాలుగువేల దగ్గర నిలిపి హ్యాండిల్‌ని కుడికి పూర్తిగా తిప్పారు. ముల్లు కదల్లేదు. ఎడమకి తిప్పారు. మళ్ళీ కుడికి. అలా ఆరేడుసార్లు తిప్పి ఉంటారు.

"మీ అత్తయ్యని పిలు" అన్నారు గట్టిగా, ఆ చప్పుడులో కూడా వీధంతా వినపడేలా.

అత్తయ్య పిండిచేతులతో వచ్చి నిలబడింది. ఆయన వేలుతో మీటరు అద్దం మీద చూపిస్తూ ఏదో చెబుతున్నారు. నాకు వినపడలేదు.

వచ్చేముందు ఇంజను అడుగున తొడుగు చుట్టూ శుభ్రంగా తుడిచి ఒక తెల్లగుడ్డ ముక్క చుట్టాను. రోజూ పొద్దున బండి ఆపాక దాన్ని చూసి, తడి తగిలితే ఫోన్ చేయమని అత్తయ్యకి చెప్పాను. ఈ రోజుకి తొమ్మిది రోజులు, గుడ్డ పొడిగానే ఉంది.