లినక్స్ వేసుకునే ముందు

మొదటిసారే డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవడం) జోలికి పోవద్దనే చెప్తాను. ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్ అనే లినక్స్ రకం ఐఎస్ఓని (ఇన్‌స్టాల్ ఫైల్‌ని) రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయండి. ఫైల్‌ని ఉత్తినే కాపీ చేస్తే బూట్ అవ్వదు, రాస్తే అందులోని పాతవన్నీ పోతాయి. లైవ్ మోడ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ చూడండి. మూత వేసి తీస్తే ల్యాప్‌టాప్ నిద్ర లేస్తోందా? అదీ చూడండి, చాలామంది వదిలేసేది అదే. నెమ్మదిగా ఉందని తీర్పు చెప్పేయకండి, నడుస్తున్నది పెన్‌డ్రైవ్ మీద కదా.

వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే ప్రోగ్రామ్) కమాండ్లు నేర్చుకోడానికి సరిపోతుంది. మీ వైఫై చిప్ పనిచేస్తుందో లేదో మాత్రం అది చెప్పదు, లోపల కనిపించేది ఉత్తుత్తి హార్డ్‌వేరే.

డ్యూయల్ బూటే కావాలంటే బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ వేరేచోట రాసుకోండి. బూట్ సెట్టింగులు మారితే విండోస్ దాన్ని అడగొచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, దాని డ్రైవ్‌లో లినక్స్‌కి ఏదీ రాయడం కుదరదు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే పార్టిషన్ (డిస్క్‌లో విండోస్ ఉన్న భాగం) కుదించి 50 జీబీ ఖాళీగా వదలండి. ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్’ నొక్కారో, విండోస్‌తో సహా అంతా గోవిందా.

తర్వాత విండోస్ గడియారం గంటలకొద్దీ తేడా చూపిస్తే కంగారొద్దు. మదర్‌బోర్డు టైమ్‌ని విండోస్ స్థానిక సమయమనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది.