మేకపోతు గాంభీర్యానికి తోడెవరు?

అక్వేరియంలో పెంచే ఫైర్‌మౌత్ సిక్లిడ్ అనే చేప కోపమంతా గొంతులోనే ఉంటుంది. ఇంకో చేప తన హద్దులోకి వచ్చిందనుకుంటే మొప్పల మూతలు విప్పి, ఎర్రటి గొంతు ఉబ్బించి, తలకాయ ఉన్నదానికి రెట్టింపు ఉన్నట్టు కనబడుతుంది. మొప్ప మూతల అడుగున ఉండే నల్ల మచ్చలు అప్పుడు ఎదుటి చేపకు పెద్ద కళ్లలా కనిపిస్తాయి. అవతలిది వెనక్కి తగ్గిందా, సరే. తగ్గకపోతే చాలాసార్లు ఇదే తోక ముడుస్తుంది. అచ్చం మేకపోతు గాంభీర్యం.

అందుకే వీటికి తోడు చేపల్ని ఎంచుకోవడం నాకు ట్యాంకు సెట్ చేయడం కంటే పెద్ద పనైంది. ట్యాంకు నాలుగడుగుల పొడవు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర చొప్పున, 240 లీటర్లు. చార్టుల్లో సిక్లిడ్‌లను, అంటే ఈ కుటుంబం చేపల్ని, 'శాంతమైనవి', 'గొడవ పడేవి' అని రెండు గళ్లలో పెట్టేస్తారు. ఫైర్‌మౌత్ మొదటి గడిలో ఉంటుంది. దాన్ని చూసి పక్కన ఏ చేపైనా వేసేయొచ్చు అనుకోకూడదు. దీని బెదిరింపును నమ్మే చేపలు కావాలి. నమ్మని చేపను వేస్తే దీని పని అయిపోతుంది, మరీ చిన్నదాన్ని వేస్తే ఆ చేప పని అయిపోతుంది.

ముందు నీళ్ల సంగతి చూశాను. ఫైర్‌మౌత్ సొంత ఊరు మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం, బెలీజ్, ఉత్తర గ్వాటెమాల. అదంతా సున్నపురాయి నేల, కాబట్టి నీళ్లు కఠినంగా ఉంటాయి. అక్కడి సెనోటేలు, అంటే సున్నపురాయి కుంగి ఏర్పడిన నీటి గుంటల్లో కూడా ఈ చేప ఉంటుంది. హైదరాబాద్‌లో కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకునే ఉప్పు చూసి విసుక్కునే నేను, మొదటిసారి మా బోరు నీళ్లను చూసి సంతోషించాను. పీహెచ్ 7.8, హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం) కావలసినంత. ఆర్ఓ అవసరమే లేదు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఒక్కటే చూసి హార్డ్‌నెస్ తేల్చకండి, దానికి జీహెచ్ (జనరల్ హార్డ్‌నెస్) టెస్ట్ కిట్ వేరే ఉంటుంది. ఇక్కడితోనే కార్డినల్ టెట్రాలు, ర్యామ్‌లు లిస్టులోంచి పోయాయి. అవి మెత్తటి, కాస్త ఆమ్లపు నీళ్లలో హాయిగా ఉండే దక్షిణ అమెరికా చేపలు.

షాపతను కాన్విక్ట్ సిక్లిడ్‌లు తీసుకోమన్నాడు. "ఏం కాదన్నా, చిన్నప్పటినుంచి కలిసి పెరిగితే అవే సర్దుకుంటాయి" అని. కాన్విక్ట్ కూడా మధ్య అమెరికా చేపే, సైజు కూడా దాదాపు అంతే. కానీ అది గొంతు ఉబ్బించి ఊరుకునే రకం కాదు, నిజంగానే కొరుకుతుంది. గుడ్లు పెట్టిందంటే ఇక చెప్పక్కర్లేదు. వద్దన్నాను. బాగా పెద్దగా పెరిగే ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ సిక్లిడ్‌ల గురించి ఆలోచించే పనే లేదు. ఎంబూనాలనే ఆఫ్రికా సిక్లిడ్‌లకు ఈ నీళ్లు సరిపోతాయి కానీ వాటి దూకుడు వేరు, తిండి కూడా ఎక్కువగా నాచే. టైగర్ బార్బ్‌లకు రెక్కలు కొరికే అలవాటు, ఫైర్‌మౌత్ రెక్కల చివర్లేమో దారాల్లా సాగి ఉంటాయి. కోరీడోరాస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌ల దగ్గర కొంచెం ఆగాను, అవంటే నాకు ఇష్టం. కానీ ఫైర్‌మౌత్ రోజంతా ఇసుక నోట్లో వేసుకుని జల్లిస్తూ అడుగునే తిరుగుతుంది. అదే అడుగున కోరీలు కూడా తిరిగితే రోజూ పేచీయే.

అంటే నాకు కావలసింది పైన ఈదే చేపలు. స్వోర్డ్‌టెయిల్‌లు అలా వచ్చాయి. మెక్సికో నుంచి హోండురస్ దాకా వాటి సహజ ప్రాంతమే, ఈ నీళ్లే వాటికీ ఇష్టం. షాపులో దొరికేవి నారింజ రంగువి, ప్రకృతిలో ఉండే ఆకుపచ్చవి కావు, అయినా పర్వాలేదు. మగవి ఒకదాన్నొకటి తరుముకుంటాయి కాబట్టి ఒక మగదానికి ఆడవి ఎక్కువ ఉండేలా చూశాను. వాటి పిల్లల్ని ఫైర్‌మౌత్‌లు తినేస్తాయి. వినడానికి బాగోదు గానీ, లేకపోతే ట్యాంకు వాటితోనే నిండిపోతుంది. వాటికి తోడు ఒక గుంపు జెయింట్ డానియోలు వేశాను. ఇవి మన పడమటి కనుమల చేపలే. చురుకైనవి, ఫైర్‌మౌత్ కసిరేలోపు ఇంకో మూలన ఉంటాయి. పైన ఇవి నిబ్బరంగా తిరుగుతుంటే, ప్రమాదమేమీ లేదనుకుని సిక్లిడ్‌లు కూడా రాళ్ల చాటునుంచి బయటికొస్తాయి. ఒక్కటే జాగ్రత్త, డానియోలు ఎగిరి దూకుతాయి, మూత తప్పనిసరి.

నాచు తినడానికి సక్కర్ ఫిష్ వేయమని అందరూ అంటారు. వేలంత ఉన్నప్పుడు కొంటారు, అది అడుగు దాటి పెరిగాక చెరువులో వదిలేస్తారు. మన చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునేది ఆ జాతినే. నేను నాచు తినే ఇంకో చేప, బ్రిసిల్‌నోజ్ తెచ్చాను, అది జానెడు కూడా పెరగదు.

వేయడంలో వరుస కూడా ముఖ్యం. అన్నిటినీ మొదట వేరే టబ్బులో ఉంచి జబ్బులేమీ లేవని చూశాకే లోపలికి వదిలాను. ముందు స్వోర్డ్‌టెయిల్‌లు, డానియోలు, తర్వాత బ్రిసిల్‌నోజ్, చివర్లో చిన్న సైజు ఫైర్‌మౌత్‌లు. సిక్లిడ్‌లు ముందే చేరితే ట్యాంకంతా తమదే అనుకుంటాయి. వాటిలో ఒక జత కుదరగానే మిగతావాటిని షాపుకే తిరిగి ఇచ్చేశాను.

అసలు పరీక్ష గుడ్లు పెట్టినప్పుడు. పలక రాయి మీద గుడ్లు పెట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. సగం ట్యాంకు వాళ్లదే. మధ్యలో చూపుకు అడ్డంగా పెద్ద రాళ్లు, చెట్టు వేరు ముక్క పెట్టడం వల్ల మిగతా చేపలకు రెండో సగం మిగిలింది. స్వోర్డ్‌టెయిల్ తోక ఒకటి కాస్త చిరిగింది, మళ్లీ పెరిగింది. రాత్రిపూట బ్రిసిల్‌నోజ్ గుడ్లు తినేస్తుందనే టెన్షన్ ఉంటే దాన్ని కొన్నాళ్లు పక్క టబ్బులోకి మార్చాలి, నేను మార్చాను. పెరిగిన పిల్లల్ని షాపతను తీసుకుంటున్నాడు, బదులుగా చేపల మేత ఇస్తాడు.