పదకొండు పాటలు, ఐదుగురం

సాధన ముగిశాక అందరం టీ తాగుతున్నప్పుడు గిటారు వాయించే మిత్రుడు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. "బ్యాండు నుంచి స్వచ్ఛందంగా వైదొలగుతున్నాను. ఇప్పటివరకు చేసిన పాటలపై ఇకముందు నాకు ఎటువంటి హక్కూ ఉండదు" అని రెండు వాక్యాలు, కింద నా పేరు. అతనికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. కొత్త గాయనితో పాటలను మళ్లీ రికార్డు చేయాలనుకుంటున్నారు, రేపు ఏ తకరారూ రాకూడదన్నది అతని ఆలోచన. అయినా ఆ కాగితం చదివాక గొంతు పట్టేసింది. ఆ పదకొండు పాటల్లో ఎనిమిదింటికి మాటలు నావి.

మా బ్యాండు అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదలైంది. క్లాక్ టవర్‌కు దగ్గరలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని ఆరేళ్లు సాధన చేశాం. నాకు కదిరి వైపు టీచరు ఉద్యోగం వచ్చాక వారం వారం రావడం సాగలేదు. నేనే తప్పుకుంటానని చెప్పాను. తప్పుకోవడమంటే ఇక పాడకపోవడమే అనుకున్నాను. పాటల సంగతి ఏమిటని ఎవరమూ ఆలోచించలేదు.

సంతకం పెట్టకుండా కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే, మా అక్కతో కలిసి చదువుకున్న లాయరుకు చూపించాను. ఆమె కాగితం పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. మాటలు ఎవరు రాశారు? బాణీ ఎవరు కట్టారు? రికార్డింగు బాధ్యత తీసుకుని ఖర్చు పెట్టింది ఎవరు? మనకు పాట ఒకటే కానీ, 1957 నాటి కాపీరైట్ చట్టానికి అది మూడు రచనలు. సాహిత్యం ఒకటి, సంగీతం ఒకటి, రికార్డింగు ఒకటి. మూడింటికీ ముగ్గురు యజమానులు ఉండవచ్చు. ఇక ఆ కాగితంలో రాసినట్టు అన్నీ వదులుకోవడం కుదరదని చెప్పింది. 2012 సవరణ తరువాత, హక్కులు వేరొకరికి రాసిచ్చినా రాయల్టీలో, అంటే పాటను వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, సమాన వాటా పొందే హక్కును కవి గానీ స్వరకర్త గానీ వదులుకోలేరు. దాన్ని వారసులకో, రచయితల తరఫున ఆ డబ్బు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వవచ్చు.

"కోర్టు దాకా ఎందుకమ్మా, ముందు మీ ఐదుగురూ కూర్చుని పట్టిక రాసుకోండి" అంది.

మరుసటి ఆదివారం అదే గదిలో కూర్చున్నాం. పదకొండు అడ్డు వరుసలు, మూడు నిలువు గడులు. మొదటి ఐదు పాటలు అరగంటలో అయిపోయాయి. ఆరో పాట దగ్గర అందరూ నా వైపు చూశారు. ఆ బాణీ నాదేనని ఆరేళ్లుగా వాళ్ల నమ్మకం. నిజానికి అది మా అవ్వ పాడిన పాట. వానలు మొదలుకాక ముందు విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తూ ఊళ్లో ఆడవాళ్లంతా పాడుకునేది. నేను చరణాలకు కొత్త మాటలు రాశాను, అంతే. బాణీ గడిలో నా పేరు ఎలా రాయను? "జానపదం" అని రాయించాను. అలా రాసినందుకు నాకు దక్కవలసిన భాగం తగ్గింది. అవ్వ మాత్రం ఆ గడిలో ఉన్నట్టే అనిపించింది.

ఎక్కువ సమయం పట్టింది మా డప్పు వాయించే అన్న విషయంలో. ఆయన మాకంటే పెద్ద, చదువుకున్నది పదో తరగతి వరకే. ఏ పాటకూ ఆయన మాట గానీ స్వరం గానీ ఇవ్వలేదని కీబోర్డు వాయించే తమ్ముడు అన్నాడు. చట్టం లెక్కన వాదిస్తే బహుశా అతనే గెలుస్తాడు. వాయించినవారికి ప్రదర్శకుల హక్కు వేరే ఉంటుంది కానీ అది స్వరకర్త హక్కు కాదు. డప్పు అన్న ఏమీ మాట్లాడలేదు. డప్పు తీసి తొమ్మిదో పాట దరువు ఒక్కటే, మాటా రాగమూ లేకుండా, వాయించాడు. నాలుగు దెబ్బలు పడేసరికి అది ఏ పాటో అందరికీ తెలిసిపోయింది. జనం మా పాటను గుర్తుపట్టేది ఆ దరువుతోనే. తమ్ముడు కూడా తల ఊపాడు. ఆ పాటతోపాటు మరో రెండు పాటల బాణీ గడిలో ఆయన పేరు చేర్చాం. ఆ సాయంత్రం మేము చేసిన సరైన పని అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

చివరి పాట పల్లవి నాదని నేను, తనదని గిటారు మిత్రుడు పట్టుబట్టాం. మాటా మాటా పెరిగింది. నా పాత ఫోనులో మొదటిసారి కూనిరాగం తీసిన రికార్డింగు ఉంది, తేదీతో సహా. వేసి విన్నాం. మొదటి పాదం నా గొంతు. అది సగంలో ఆగిపోతే వెనక నుంచి గిటారు అందుకుని ముగించింది. ఎవరి భాగం ఎక్కడ ముగిసిందో ఇద్దరం చెప్పలేకపోయాం. అలా విడదీయలేని దాన్నే చట్టం ఉమ్మడి రచన అంటుంది. అందులో ఒకరు రెండోవారి సమ్మతి లేకుండా ఇతరులకు అనుమతి ఇవ్వకూడదని లాయరు చెప్పింది. ఇద్దరి పేర్లూ రాశాం.

ఒప్పందం ఆమే రాసింది. నా మాటలను బ్యాండు వేదికల మీద పాడవచ్చు, మళ్లీ రికార్డు చేయవచ్చు, యాజమాన్యం మాత్రం నాదే. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుందట. పాటలు ఫోనుల్లో ఏ దేశంలోనైనా వింటారు కాబట్టి పదేళ్లు, ప్రపంచమంతటా అని రాయించాం. స్టూడియో ఖర్చు ఐదుగురం సమానంగా పెట్టుకున్నాం కాబట్టి పాత రికార్డింగులు ఐదుగురివీ. ఆన్‌లైన్ డబ్బు గిటారు మిత్రుడి ఖాతాకు వస్తుంది. ఆరు నెలలకోసారి లెక్క పంపాలి. ఏడాదికి మూడు వేలు కూడా దాటని డబ్బు అది, అయినా లెక్క లెక్కే. పేరు వేయడం గురించీ, మాటలు మార్చాలంటే నన్ను అడగడం గురించీ ఒక్కో వాక్యం నేనే పట్టుబట్టి చేర్పించాను.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణమే హక్కు పుడుతుంది. అయినా రుజువుగా ఉంటుందని మూడు పాటల సాహిత్యానికి నేను దరఖాస్తు చేశాను. ఒక్కో రచనకు 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

నాలుగు నెలల తరువాత గిటారు మిత్రుడు ఫోను చేశాడు.

"ఏడో పాట రెండో చరణం కొత్త అమ్మాయి శ్రుతికి అందడం లేదు. రెండు పాదాలు మార్చి రాశాను. వినిపించనా?"

వినిపించాడు. వలస వెళ్లిన కొడుకు కోసం తల్లి రాత్రి దీపం పెట్టి చూస్తుందని నేను రాశాను. అతను దీపం తీసేసి, బెంగళూరు నుంచి తెల్లవారుజామున వచ్చే బస్సు చప్పుడు పెట్టాడు. మరోసారి పాడమన్నాను. పాడాడు.

ఏడో వరుసలో, సాహిత్యం గడిలో, నా పేరు పక్కన అతని పేరు కూడా రాసి పంపమన్నాను.